ఫార్మసీ విద్యార్థులు ఆన్‌లైన్ పాఠం ‘బాగుంది’ అన్నప్పుడు దేని గురించి అంటున్నారు?

మీ ప్రశ్నను ముందుగా ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఫార్మసీ కళాశాలలో రెండేళ్లుగా పాఠాలు చెబుతున్న మీరు, ఆన్‌లైన్ తరగతుల మీదా, కొంత తరగతి గదిలోనూ కొంత ఆన్‌లైన్‌లోనూ సాగే బ్లెండెడ్ బోధన మీదా బి.ఫార్మసీ విద్యార్థుల అభిప్రాయాలను గూగుల్ ఫారం ద్వారా సేకరించారు. దాదాపు సగం మంది బాగుందన్నారు, సగం మంది వద్దన్నారు. ఇంత పొసగని జవాబులను పట్టుకుని వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ ఎలా వేయాలన్నది మీ సందేహం. విజయనగరం చుట్టుపక్కల కళాశాలల్లో ఇరవై రెండేళ్లుగా ఫార్మాస్యూటిక్స్ (మందుల తయారీ శాస్త్రం) చెబుతూ, 2020 నుంచి ఇదే చిక్కులో పడి లేచినదాన్ని కనుక, నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

మీ చేతిలో ఉన్న జవాబులు ఒకదాన్నొకటి కొట్టివేసేవి కావని నా గట్టి నమ్మకం. కొన్నేళ్ల కిందట మేము కూడా సరిగ్గా మీలాగే ‘ఆన్‌లైన్ బోధన మీకు నచ్చిందా’ అని ఒకే ఒక్క ప్రశ్న వేసి, ఐదు గడుల్లో ఒకదాని మీద టిక్కు పెట్టమన్నాము. చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ‘చాలా బాగుంది’ అన్న గడిలో టిక్కు పెట్టింది. అదే అమ్మాయి ఆ వారంలోనే ల్యాబులో నా పక్కన నిలబడి, ‘మళ్లీ ఆ ఆన్‌లైను మాత్రం పెట్టకండి మేడమ్’ అని దాదాపు బతిమాలింది. ఇదేమిటమ్మా, ఫారంలో ఏమి రాశావని అడిగితే, ‘బాగుందనే రాశానండి. అది రికార్డింగుల గురించి. కైనెటిక్స్ లెక్కలు ఆపుకుని ఆపుకుని చూసుకున్నాను. ఇప్పుడు నేను చెప్పేది ప్రాక్టికల్స్ గురించి’ అంది. ఆమె మనసులో రెండు స్పష్టమైన అభిప్రాయాలుండగా, మేము ఇచ్చిన గడి ఒక్కటే. ఆ రోజు నుంచి విద్యార్థుల అభిప్రాయాన్ని బోధనా పద్ధతిని బట్టి కాక, చేయవలసిన పనిని బట్టి అడగడం మొదలుపెట్టాను. నా సమాధానంలో మిగిలినదంతా ఈ ఒక్క అనుభవం చుట్టూ తిరుగుతుంది.

‘ఆన్‌లైన్’ అన్న మాట వినగానే మన పిల్లలకు ఏది గుర్తుకు వస్తుందో కూడా ఆలోచించాలి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక మనం నడిపినది నిజానికి బోధనా పద్ధతి కాదు, గండం గట్టెక్కడానికి చేసుకున్న ఏర్పాటు. జూమ్‌లో ఉచిత మీటింగు 40 నిమిషాలకు తెగిపోయేది, మళ్లీ లింకు పంపేలోగా సగం మంది జారిపోయేవారు. రోజుకు 1.5 జీబీ ప్యాకు వేయించుకున్న పిల్లలకు వరుసగా నాలుగు తరగతులు వీడియోతో చూస్తే మధ్యాహ్నానికే డేటా అయిపోయేది. సాలూరు కొండల వైపు ఊళ్ల నుంచి చేరిన ఒక అబ్బాయి సిగ్నల్ కోసం ఊరి చివరి చెరువు గట్టు మీద కూర్చుని పాఠం వినేవాడు, వాన పడితే ఆ రోజు పాఠం లేనట్టే. అప్పటి విద్యార్థులు ఇప్పుడు కళాశాలల్లో లేకపోయినా, పదో తరగతిలోనో ఇంటర్‌లోనో అదే కాలాన్ని దాటి వచ్చినవారు ఇటీవలి బ్యాచ్‌లలో చాలామంది ఉన్నారు. వారు ‘వద్దు’ అన్నప్పుడు మీరు వచ్చే సెమిస్టర్‌లో పెట్టదలచిన పద్ధతిని కాదనడం లేదు, తమ జ్ఞాపకాన్ని కాదంటున్నారు. కాబట్టి ప్రశ్నాపత్రంలో ‘ఆన్‌లైన్’ అని ఊరుకోకుండా, మీరు దేని గురించి అడుగుతున్నారో ఒక వాక్యంలో వివరించడం అవసరం.

నియమాల మాట క్లుప్తంగా చెప్పుకుందాం. ఫార్మసీ డిగ్రీని దూరవిద్య ద్వారా గానీ పూర్తిగా ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వడానికి యూజీసీ 2020 నిబంధనలు అనుమతించవు. 2014 నాటి బి.ఫార్మసీ నిబంధనల కింద ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) రూపొందించిన సిలబస్ ప్రకారం సెమిస్టర్‌కు కనీసం 100 పనిదినాలు ఉండాలి, థియరీకీ ప్రాక్టికల్‌కూ విడివిడిగా 80 శాతం హాజరు ఉండాలి. అంటే తరగతి గదిని తీసివేసి దాని స్థానంలో ఫోనును పెట్టే ప్రశ్న మన ముందు లేదు. తరగతి గది పక్కన ఏమి చేర్చాలన్నదే మనం విద్యార్థులను అడగవలసిన ప్రశ్న. ఈ సంగతి ఫారం మొదట్లోనే రాస్తే, తరగతులు తీసేస్తారేమోనన్న భయంతో ‘వద్దు’ అని రాసేవారి సంఖ్య తగ్గుతుంది. మా దగ్గర తగ్గింది.

ఇక ప్రాక్టికల్స్ సంగతి. విద్యార్థుల మాట దాదాపు ఒక్కటిగా వినిపించేది ఇక్కడే. మొదటి సెమిస్టర్ ఫార్మాస్యూటిక్స్ ల్యాబులో లిక్విడ్ పారాఫిన్ ఎమల్షన్, అంటే నూనే నీరూ విడిపోకుండా కలిసిపోయిన మిశ్రమం, చేయిస్తాము. నూరే పాత్ర అయిన ఎండిన మోర్టార్‌లో నూనెనూ అకేషియా బంక పొడినీ కలిపి, కొలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా పోసి, ఆపకుండా ఒకే దిశలో వేగంగా నూరాలి. లిక్విడ్ పారాఫిన్‌కు ప్రాథమిక ఎమల్షన్‌లో నూనె, నీరు, బంకల నిష్పత్తి 3:2:1 అనీ, ఆముదం వంటి స్థిర తైలాలకు 4:2:1 అనీ పుస్తకంలో ఉంది, వీడియోలోనూ చెప్పవచ్చు. కానీ మిశ్రమం తెల్లబడి చిక్కబడుతున్న సమయంలో పెసిల్ (నూరే రోకలి) కింద చిటచిటమని ఒక చప్పుడు వస్తుంది. ఎమల్షన్ కట్టిందని చెప్పేది ఆ చప్పుడే. దాన్ని విన్నవాడికి ఎప్పుడు ఆపాలో తెలుస్తుంది, విననివాడు తొందరపడి మిగిలిన నీళ్లు పోసి నూనెను పైకి తేలుస్తాడు. 2020లో నేను మా వంటింట్లోనే ఫోనును డబ్బా మీద నిలబెట్టి ఈ ప్రయోగం చేసి చూపించాను. అవతల మైకులో గరగర తప్ప మరేమీ వినిపించలేదట. ఆ తర్వాత కళాశాల తెరిచినప్పుడు అదే బ్యాచ్ వచ్చి మోర్టార్ పట్టుకుంటే, రికార్డు పుస్తకంలో ప్రయోగ విధానాన్ని తప్పులేకుండా రాసిన పిల్లలకు పెసిల్ ఎలా పట్టుకోవాలో తెలియలేదు. మణికట్టు తిప్పకుండా మోచేతితో కుమ్ముతున్నారు. ఒక అమ్మాయికి నాలుగో ప్రయత్నంలో ఆ చప్పుడు వినిపించినప్పుడు, ‘ఇదేనా మేడమ్!’ అని ల్యాబు అంతా వినబడేలా అరిచింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. చేతి పని గురించి విద్యార్థులు చెప్పే మాటను ఏ గణాంకంతోనూ తూకం వేయనవసరం లేదు. వారు అడుగుతున్నది న్యాయం.

అలాగని ల్యాబుకు ఆన్‌లైన్ పనికిరాదని నేను అనను. ప్రయోగానికి ముందు రోజు సాయంత్రం, అదే మోర్టార్‌తో, అదే బల్ల మీద నేను చేసిన చిన్న వీడియోను చూసి వచ్చిన పిల్లలు, నాలుగు గంటల ల్యాబులో మొదటి గంటను బోర్డు మీది విధానాన్ని చూసి రాసుకోవడానికి పోగొట్టుకోరు. ఆ గంట వారి చేతులకు మిగులుతుంది. విద్యార్థులు ఎక్కువగా మెచ్చుకున్నదీ ఇదే: ల్యాబుకు బదులుగా కాదు, ల్యాబుకు ముందు. మరో సంగతి కూడా గమనించాను. బయటి నుంచి దించుకున్న ఖరీదైన వీడియో కంటే, మా ల్యాబులోని పగుళ్లు పడిన బల్లా, మా బ్యూరెట్ స్టాండూ కనిపించే నాసిరకం వీడియోనే పిల్లలు ఎక్కువసార్లు చూశారు. మరునాడు తమ చేతికి రాబోయే వస్తువు అదే కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేను. విద్యార్థికి నచ్చినదీ, విద్యార్థికి వచ్చినదీ ఎప్పుడూ ఒకటి కావు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర తరగతుల మీద జరిగి, 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తామే సమస్యలు సాధిస్తూ నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలినా, తక్కువ నేర్చుకున్నామనే భావించారు. చక్కగా, ధారాళంగా సాగిన ఉపన్యాసం విన్నవారు ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు, పరీక్షలో మాత్రం వెనుకబడ్డారు. రికార్డింగుల విషయంలో నేను చూసింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. ద్రావణాన్ని చుక్కచుక్కగా వేసి రంగు మారే దగ్గర ఆపే టైట్రేషన్ ప్రయోగం వీడియోను మూడుసార్లు చూశామని, అర్థమైందని చెప్పిన పిల్లలు, ఫినాల్ఫ్‌థలీన్ వేసిన ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలిచిన దగ్గర ఆగవలసింది, ముదురు రంగు దాకా పోనిచ్చి, బ్యూరెట్ రీడింగు వైపు చూసి నిశ్చేష్టులయ్యారు. చూడటం వల్ల వచ్చే నమ్మకం వేరు, చేయడం వల్ల వచ్చే నేర్పు వేరు. అందుకే అభిప్రాయాన్ని ఒక్కసారి, అదీ పాఠం అయిన వెంటనే తీసుకోవడం నాకు ఇష్టం లేదు. ల్యాబు పరీక్షో సెషనల్ పరీక్షో అయ్యాక అడిగితే, అదే విద్యార్థి తన అనుభవాన్ని బేరీజు వేసుకుని, ఎంతో నిజాయతీగా చెబుతాడు.

నిజానికి బ్లెండెడ్ బోధన మన రంగానికి 2020లో కొత్తగా వచ్చినది కాదు. మందులు ఒంటి మీద పనిచేసే తీరును చెప్పే ఫార్మకాలజీ ప్రాక్టికల్స్‌లో జంతువుల మీది ప్రయోగాలను సాఫ్ట్‌వేర్ల ద్వారా, వీడియోల ద్వారా చూపాలని పీసీఐ సిలబస్‌లోనే ఉంది. పుదుచ్చేరిలోని జిప్‌మర్‌లో రూపొందిన ఎక్స్‌ఫార్మ్ వంటి ప్రోగ్రాములతో, కప్ప పొట్ట (రెక్టస్) కండరం మీద, దాన్ని కుదింపజేసే అసిటైల్‌కోలిన్ మోతాదు పెంచేకొద్దీ గ్రాఫు ఎలా పెరుగుతుందో మన పిల్లలు చాలాకాలంగా కంప్యూటర్ మీదే చూస్తున్నారు. దీని గురించి అడిగితే చాలామంది, ముఖ్యంగా కప్పను కోయవలసి వస్తుందని భయపడి చేరినవారు, మంచిదేనన్నారు. దానితో పాటే ఒక అబ్బాయి రాసిన వాక్యం నన్ను ఆలోచింపజేసింది: ‘అందరికీ ఒకటే గ్రాఫు వస్తుంది మేడమ్, తప్పు రావడానికి వీలే లేదు.’ తప్పు రాని ప్రయోగంలో నేర్చుకోవడానికి మిగిలేది తక్కువ అని ఆ అబ్బాయి పసిగట్టాడు. ఆ మాట పట్టుకుని, మేము అదే ప్రయోగానికి తెలియని ఔషధం గుర్తింపును జతచేసి, గ్రాఫు చూసి ఏ మందో ఊహించి, ఎందుకో రాయమన్నాము. విద్యార్థుల అభిప్రాయం వల్ల పాఠం మారడమంటే నాకు ఇటువంటి మార్పే గుర్తుకు వస్తుంది.

పిల్లలు మనస్ఫూర్తిగా కోరుకునేది రికార్డింగులు. దీనికి కారణం సోమరితనమని కొందరు సహోద్యోగులు అనడం విన్నాను, నేను ఒప్పుకోను. మన తరగతిలో ఎంపీసీ నుంచి వచ్చినవారూ బైపీసీ నుంచి వచ్చినవారూ పక్కపక్కన కూర్చుంటారు. అందుకే సిలబస్‌లో మొదటివారికి రెమిడియల్ బయాలజీ, రెండోవారికి రెమిడియల్ మ్యాథమెటిక్స్ ఉన్నాయి. బైపీసీ చదివిన అమ్మాయికి లాగరిథమ్ అంటే పాత భయం, ఆరో సెమిస్టర్‌లో, మందు ఒంట్లో చేరే, ఒంట్లోంచి పోయే వేగాన్ని లెక్కగట్టే ఫార్మకోకైనెటిక్స్ వచ్చేసరికి ఆ భయం మళ్లీ లేస్తుంది. అర్ధాయుష్షు, అంటే ఒంట్లోని మందు సగానికి తగ్గే సమయం, కావాలంటే 0.693ను ఎలిమినేషన్ రేటు స్థిరాంకంతో భాగించడమని ఒక్క నిమిషంలో చెప్పి ముందుకు పోతాము. ఆ 0.693 ఎక్కడి నుంచి వచ్చిందో, 2కు సహజ లాగరిథమ్ ఎందుకు తీసుకున్నామో అరవై మంది ముందు లేచి అడగడానికి ఆమెకు ధైర్యం చాలదు. రికార్డింగులో అయితే అక్కడే ఆపి, వెనక్కి పోయి, నాలుగుసార్లు చూస్తుంది. ఒక్కో విద్యార్థి ఒక్కో వేగంతో నడవవలసిన పాఠాలు ఇవి, వీటికి రికార్డింగును మించిన సాధనం లేదు.

రికార్డింగు ఎలా ఉండాలన్న దాని మీద కూడా పిల్లలకు స్పష్టత ఉంది. గంట పాఠాన్ని గంటా అలాగే పెడితే ఎవరూ చూడరు. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికపై వీడియోలను చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలించి 2014లో వెలువరించిన ఒక అధ్యయనం కూడా, విద్యార్థుల ధ్యాస దాదాపు 6 నిమిషాల దగ్గర సడలుతుందనే చెప్పింది. మన పిల్లల నుంచి వచ్చిన, నేను ముందుగా ఊహించని కోరిక మరొకటి ఉంది, అది భాషకు సంబంధించినది. తరగతిలో ఇంగ్లిషు వాక్యం చెప్పి, వెంటనే తెలుగులో విడమరిచి చెప్పే మనం, కెమెరా పెట్టగానే ఎవరైనా చూస్తారేమోనన్న సంకోచంతో మొత్తం ఇంగ్లిషులోనే మాట్లాడుతున్నాము. ‘తరగతిలో చెప్పినట్టే చెప్పండి మేడమ్, వీడియోలో మీరు వేరే మనిషిలా ఉన్నారు’ అని ఒక విద్యార్థి రాసిచ్చిన అభిప్రాయ కాగితంలో ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఈ ఒక్క కారణంతో ఎంతో మంచి రికార్డింగులను వదిలేస్తున్నారని మాకు అప్పటిదాకా తట్టలేదు. సాంకేతిక పదాలు ఇంగ్లిషువే ఉంచి, వివరణ మన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాక, ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి కూడా సందేహాలు అడుగుతూ సందేశాలు రావడం మొదలైంది.

‘వద్దు’ అన్నవారిలో ఎక్కువమంది పాఠం గురించి కాక ఇంటి గురించి చెబుతున్నారన్నది నా పరిశీలన. ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది ముందు తండ్రిదీ, తర్వాత అన్నదీ, చివరికి అమ్మాయిది అవుతుంది. కూతురు ఇంట్లో ఉంటే పొయ్యి దగ్గర పని ఆగదు, పాఠం మాత్రం ఆగుతుంది. ఒక తల్లి నాకు ఫోను చేసి, ‘మా గుంట రోజంతా ఫోనే సూస్తంది, ఫోన్లో సదువేటమ్మా’ అని నిజమైన ఆందోళనతో అడిగింది. ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కళాశాలకు రావడమంటే చాలామంది అమ్మాయిలకు చదువుకోవడానికి దొరికే ఒకే ఒక్క నిరాటంకమైన సమయం. కెమెరా ఆపేసిన విద్యార్థులను శ్రద్ధ లేనివారని మేము మొదట్లో మందలించాము. వెనుక కనిపించే ఇంటి గోడను స్నేహితులకు చూపించడం ఇష్టంలేక ఆపారని తెలిశాక ఆ మందలింపుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

అదే సమయంలో, తరగతి గదిలో నోరు విప్పని పిల్లలకు చాట్ పెట్టె ఒక గొంతు ఇచ్చిందన్నది కూడా అంతే నిజం. ఒక వర్గం నొప్పి మాత్రలు ఒంట్లోని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను అడ్డుకోవడం వల్ల మూత్రపిండాలకు రక్తప్రసరణ ఎలా తగ్గుతుందో ఒక సాయంత్రం ఆన్‌లైన్‌లో చర్చిస్తుంటే, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన ఒక అబ్బాయి, మూడేళ్లలో తరగతిలో ఒక్క ప్రశ్న కూడా వేయనివాడు, తన తండ్రి డయాలసిస్ గురించీ, అంతకుముందు కీళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కున్న మాత్రల గురించీ వరుసగా టైపు చేశాడు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదని, కానీ దెబ్బతిన్న మూత్రపిండాలకు ఆ మాత్రలు మరింత చేటు చేస్తాయని నేను వివరిస్తే, తరగతి మొత్తం ఆ పాఠాన్ని మరిచిపోలేదు. గదిలో అయితే ఆ అబ్బాయి లేచి నిలబడి ఆ మాట చెప్పగలిగేవాడు కాడని ఆ తర్వాత తనే అన్నాడు.

ఆన్‌లైన్ పనిలో తరగతి గది ఇవ్వలేనిది మాకు దొరికిన సందర్భం మరొకటి ఉంది. ఫార్మసీ ప్రాక్టీస్‌లో రోగికి మందు గురించి వివరించి చెప్పడం నేర్పాలి. గదిలో ఒకరు రోగిగా, ఒకరు ఫార్మసిస్టుగా నటిస్తే ఇద్దరికీ జవాబులు ముందే తెలుసు. దానికి బదులు, ఓఆర్ఎస్ పొట్లం ఎలా కలుపుకోవాలో ఇంట్లోనో వీధిలోనో ఒకరికి వారి భాషలో, వారి అనుమతితో చెప్పి, ఆ మాటలను ఫోనులో రికార్డు చేసి పంపమన్నాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లకు తయారైన పెద్ద పొట్లాన్ని మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, ఉప్పు గాఢత ఎక్కువైతే బిడ్డకు మేలు బదులు కీడు జరుగుతుంది. పాలకొండ వైపు నుంచి ఒక అమ్మాయి పంపిన రికార్డింగులో, పక్కింటి పెద్దావిడ అంతా విని, ‘అలాగే తల్లీ, గలాసుడు నీలల్లో ఏసేస్తాను’ అంది. అప్పుడు ఆ అమ్మాయి కాసేపు ఆగి, ఇంట్లోంచి లీటరు సీసా తెచ్చి, దాన్ని చూపిస్తూ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఆ ఆగిన క్షణంలో ఆమె నేర్చుకున్నది నేను ఎన్ని తరగతులు తీసుకున్నా నేర్పలేను. సెమిస్టర్ చివర ఏ పని మీకు ఎక్కువగా ఉపయోగపడిందని అడిగితే, ఆన్‌లైన్ అంటే గిట్టని పిల్లలు కూడా ఈ పనినే రాశారు. దాన్ని వారు ‘ఆన్‌లైన్’ కింద లెక్కపెట్టనేలేదు.

పరీక్షల గురించి ఎక్కువ చెప్పను. ఇంటి దగ్గర రాసిన ఆన్‌లైన్ పరీక్షను నిజాయతీ గల విద్యార్థులే ఎక్కువగా ద్వేషించారు, వారి వాదన సరైనదే. చిన్న క్విజ్‌లు మార్కులు లేకుండా, ఎన్నిసార్లైనా రాసుకునేలా పెడితే ఇష్టపడతారు. మన థియరీ ఇంటర్నల్ 25 మార్కుల్లో 10 నిరంతర మూల్యాంకనానికి ఉన్నాయి, అందులో విద్యార్థికీ అధ్యాపకునికీ మధ్య జరిగే చర్చకే 3 మార్కులు కేటాయించారు. చాట్‌లో అడిగిన ప్రశ్నలను కూడా ఆ మూడింటిలో లెక్కలోకి తీసుకుంటామని చెప్పి చూడండి.

ఇప్పుడు మీ ఫారం సంగతికి వస్తాను. గూగుల్ ఫారం పంపారంటే, జవాబిచ్చినవారందరికీ ఆ రోజు సిగ్నలూ డేటా ఉన్నాయని అర్థం. ఆన్‌లైన్ వల్ల ఎక్కువ ఇబ్బంది పడేవారి మాట ఆన్‌లైన్ ఫారంలో వినిపించదు. పైగా ఈమెయిల్ నమోదవుతుందని తెలిసిన పిల్లలు, ఇంటర్నల్ మార్కులు మన చేతిలో ఉన్నాయన్న భయంతో, పైనుంచి కిందిదాకా మధ్య గడినే నొక్కుతూ పోతారు. అందుకని కాగితం మీద, పేరు లేకుండా, తెలుగులో గానీ ఇంగ్లిషులో గానీ ఎలా వస్తే అలా రాయమని, ఆ బ్యాచ్‌కు పాఠం చెప్పని అధ్యాపకుని చేత సేకరింపజేయండి. ఆ రోజు రానివారి కోసం మరో రోజు కేటాయించండి. ‘నచ్చిందా’ అని అడగకండి. లెక్కలు, ప్రయోగానికి ముందు తయారీ, ప్రయోగం, రోగితో మాట్లాడటం, సందేహాలు అడగడం, పునశ్చరణ అని పనులను ఒక్కొక్కటిగా రాసి, ప్రతి పనికీ గదిలో మేలా, ఇంటి దగ్గర మేలా, రెండూ కావాలా, ఎందుకు అని అడగండి. ఆ ‘ఎందుకు’ దగ్గర రెండు మూడు వాక్యాలకు చోటు విడవండి, అసలు విషయమంతా అక్కడే దొరుకుతుంది. ఫోను ఎవరిది, సొంతమా ఉమ్మడిదా, ఏ వైపు నుంచి వస్తారు, రోజూ బస్సులో ఎంతసేపు పడుతుంది అన్నవి కూడా అడిగితే, ఒకే జవాబు వెనుక ఉన్న వేర్వేరు జీవితాలు విడివడి కనిపిస్తాయి. కాగితాలు చదివాక ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి మాట్లాడండి, అందులో ఎప్పుడూ మాట్లాడేవారే కాకుండా చూసుకోండి.

టైంటేబుల్ విషయంలో నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను. ఒక్క సబ్జెక్టుతో మొదలుపెట్టండి, అన్నిటికీ ఒకేసారి వద్దు. అమెరికాలోని నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయ ఫార్మసీ కళాశాలలో 2012లో ఫార్మాస్యూటిక్స్ కోర్సునే తీసుకుని, ఉపన్యాసాలను ముందుగా వీడియోలుగా ఇచ్చి, తరగతి సమయమంతా చర్చకూ అభ్యాసానికీ వాడినప్పుడు, కోర్సు మొదట్లో కంటే చివర్లో ఆ పద్ధతిని కోరుకునే విద్యార్థులు బాగా పెరిగారు. అక్కడి పిల్లలకు ఉన్న వసతి మన పిల్లలకు లేదు కాబట్టి అదే నమూనాను దించుకోవడం కుదరదు. అయితే కొత్త పద్ధతి మీద మొదటి వారంలో వచ్చే అయిష్టాన్ని చివరి తీర్పుగా తీసుకోకూడదన్నది మాత్రం మనకూ వర్తిస్తుంది. మీరు ఆరో సెమిస్టర్ బయోఫార్మాస్యూటిక్స్, ఫార్మకోకైనెటిక్స్ చెబుతారని రాశారు. దానిలోని లెక్కలను ఆరేడు నిమిషాల ముక్కలుగా, మీరు తరగతిలో మాట్లాడే తెలుగులో రికార్డు చేసి, కళాశాల లైబ్రరీ కంప్యూటర్లలో కూడా ఉంచండి, ఇంట్లో ఫోను లేనివారు మధ్యాహ్న విరామంలో అక్కడ చూసుకుంటారు. ట్యుటోరియల్ గంటను ఉపన్యాసానికి వాడకుండా, ఆ లెక్కలను చేతితో చేయించడానికే ఉంచండి. ల్యాబు గంటల్లో ఒక్క నిమిషం కూడా తగ్గించకండి. ఆరో సెమిస్టర్ తర్వాత 150 గంటల శిక్షణకు పైడిభీమవరం పరిశ్రమలకో ఆసుపత్రులకో వెళ్లే పిల్లలకు అక్కడ మొదటి రోజు అక్కరకు వచ్చేది ఆ చేతి అలవాటే.

మొదటి సెషనల్ అయిన వారంలో కాగితాలు తీసుకోండి. చదవడం మొదలుపెట్టే ముందు, దూరపు బస్సుల్లో వచ్చే పిల్లలవి, ఫోను ఉమ్మడిది అని రాసినవారివి అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి. వారివి రాకపోతే ఇంకో రెండు రోజులు ఆగండి.